చెక్కా, ఇనుమా? గోడ అలంకరణల కంటైనర్‌తో నా అనుభవం

విజయవాడలో ఇంటి అలంకరణ వస్తువుల దుకాణం నడుపుతున్నాను. చాలాకాలం ముంబయి, చెన్నై టోకు వ్యాపారుల దగ్గర కొని తెచ్చి అమ్మాను. 2023లో మొదటిసారి నేరుగా చైనాలోని యీవూ నుంచి ఇరవై అడుగుల కంటైనర్ ఒకటి తెప్పించుకున్నాను. అది సెప్టెంబరు 7న చెన్నై చేరింది. సరుకు మా దుకాణానికి వచ్చింది అక్టోబరు 3న. మధ్యలో గడిచిన కాలమంతా ఒకే ప్రశ్న: గోడకు తగిలించే ఆ వస్తువు చెక్కదా, ఇనుపదా? ఒకటి కంటే ఎక్కువ పదార్థాలతో చేసిన అలంకరణ సామగ్రిని తెప్పించాలనుకునే చిన్న వ్యాపారుల కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సరుకు మూడు రకాలు. మొదటిది ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే బోర్డు) పలకను గుండ్రటి మండల ముగ్గులా చెక్కి, రంగు వేసి, అక్కడక్కడా చిన్న లోహపు పూసలు పొదిగినది. రెండోది ఎండీఎఫ్ వలయం మీద ఇనుప కొమ్మలు, ఆకులతో చెట్టు ఆకారం బిగించినది. మూడోది నడుమ గాజు అద్దం, చుట్టూ సూర్యకిరణాల్లా ఇనుప చువ్వలు, వెనక ఎండీఎఫ్ ఆసరా ఉన్నది. దీపాల తీగ చుట్టిన నాలుగో నమూనా ఒకటి నాకు ఎంతో నచ్చింది. కానీ అలాంటి దీపాల తీగలకు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ నమోదు ఉండాలని, మా దిగుమతి కాగితాలు నడిపే కస్టమ్స్ బ్రోకర్ ముందే చెప్పడంతో వదులుకున్నాను.

జూన్‌లో ముప్పై శాతం అడ్వాన్సు పంపాను. మిగతా డెబ్బై శాతం ఆగస్టులో, సరుకు ఓడ ఎక్కే ముందు. ఆ రెండో విడత కోసం బంగారం బ్యాంకులో పెట్టాను. దసరాకు, దీపావళికి అమ్మి విడిపించుకోవాలని లెక్క. అందుకే తర్వాత ఆగిపోయిన ప్రతి రోజూ నాకు వడ్డీతో సహా కనిపించింది.

మా కస్టమ్స్ బ్రోకర్ చెన్నైలో ఎంతోకాలంగా ఇదే పనిలో ఉన్న పెద్దాయన. తమిళులైనా తెలుగు బాగా మాట్లాడతారు. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాల పత్రం, ఓడ రావడానికి ముందు రోజు ముగిసేలోగా దాఖలు కావాలని, ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు ఐదు వేలు, ఆ తర్వాత రోజుకు పది వేలు రుసుము పడుతుందని చెప్పి, సెప్టెంబరు 5నే దాఖలు చేశారు. మొదటి రెండు రకాలను సుంకాల పట్టికలోని 4420 శీర్షిక కింద, అంటే చెక్క అలంకరణ వస్తువులుగా, అద్దాన్ని గాజు అద్దాల శీర్షిక 7009 కింద చూపించారు.

ఎండీఎఫ్‌ను చెక్క అనవచ్చా అని నేను అప్పుడే అడిగాను. ఆయన సుంకాల పట్టికలో 44వ అధ్యాయం మూడో గమనిక తీసి చదివి వినిపించారు. 4414 నుంచి 4421 వరకు ఉన్న శీర్షికలు చెక్క వస్తువులకు ఎలా వర్తిస్తాయో, ఫైబర్‌బోర్డు వస్తువులకూ అలాగే వర్తిస్తాయని అందులో స్పష్టంగా ఉంది. ఎండీఎఫ్ అంటే ఫైబర్‌బోర్డే. ఆ వాక్యం విన్నాక నాకు ధైర్యం వచ్చింది.

సెప్టెంబరు 8 మధ్యాహ్నం కస్టమ్స్ అధికారి నుంచి మొదటి క్వెరీ (ప్రశ్న) వచ్చింది. 2020 నుంచి అసెస్‌మెంట్, అంటే సుంకం తేల్చే పని, ముఖం చూడని పద్ధతిలో జరుగుతోంది. సరుకు చెన్నైలో ఉన్నా, కాగితాలు చూసే అధికారి మరో ఊళ్లో ఉండవచ్చు. ఆయన పేరు మనకు తెలియదు, వెళ్లి కలవడం కుదరదు. ప్రశ్న కంప్యూటర్లో వస్తుంది, జవాబు కూడా కంప్యూటర్లోనే ఇవ్వాలి. బ్రోకర్ ఆ తెరను ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపారు. రెండో రకం వస్తువును ఇన్‌వాయిస్‌లో ఐరన్ వాల్ డెకర్ అని రాశారు కదా, దాన్ని 8306 కింద ఎందుకు చూపలేదో వివరించండి, కేటలాగు జతపరచండి అని అందులో ఉంది.

8306 అంటే ఇనుము, ఇత్తడి వంటి సాధారణ లోహాలతో చేసిన విగ్రహాలు, అలంకరణ వస్తువులు, ఫొటో ఫ్రేములు. అప్పట్లో 4420కి బేసిక్ కస్టమ్స్ డ్యూటీ పది శాతం, 8306కి ఇరవై. డ్యూటీ మీద మరో పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి. ఆ రెండో రకం సరుకు విలువ, ఓడ కిరాయి, బీమా కలుపుకొని ఆరు లక్షలు. చెక్క అయితే డ్యూటీ, సర్‌ఛార్జి కలిపి 66 వేలు. ఇనుము అయితే లక్షా 32 వేలు. దీని మీద ఐజీఎస్‌టీ (దిగుమతి సరుకు మీద పడే జీఎస్‌టీ) కూడా పడుతుంది గానీ, అది తర్వాత క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. డ్యూటీ, సర్‌ఛార్జి మాత్రం తిరిగి రావు. ఈ తేడా మొదటే తెలుసుకోవాలి. చాలామంది మొత్తం పన్నును చూసి బెదిరిపోతారు, లేదా మొత్తం తిరిగి వస్తుందనుకుంటారు.

ఇన్‌వాయిస్‌లో ఆ పేరు సరఫరాదారు రాసింది. చూడగానే ఇనుము కనిపిస్తుంది కాబట్టి వాళ్లు దాన్ని అలాగే పిలుస్తారు. కానీ దూరాన కూర్చున్న అధికారికి నా వస్తువు గురించి తెలిసింది ఆ మూడు మాటలే. అక్కడి నుంచే ఆయన ఆలోచన మొదలవడం సహజం.

ఆ శని, ఆదివారాలు నేను వస్తువు ఏ శీర్షికలోకి వస్తుందో తేల్చే నియమాలు చదువుతూ గడిపాను. కస్టమ్స్ టారిఫ్ చట్టం 1975 మొదటి షెడ్యూల్ ముందు భాగంలో ఆరు సాధారణ వ్యాఖ్యాన నియమాలు ఉంటాయి. మన తగాదా అంతా మూడో నియమంలో ఉంది. ఒక వస్తువు రెండు శీర్షికల్లోనూ పట్టేలా ఉంటే, ఎక్కువ నిర్దిష్టంగా వర్ణించిన శీర్షికను తీసుకోవాలని 3(ఎ) చెబుతుంది. అయితే రెండు శీర్షికలూ వస్తువులోని ఒక్కో పదార్థాన్ని మాత్రమే చెబుతున్నప్పుడు రెండూ సమానమే. అప్పుడు 3(బి): వస్తువుకు అసలు స్వభావాన్ని ఏ పదార్థం ఇస్తోందో చూసి, ఆ పదార్థం శీర్షికలో వేయాలి. అదీ తేలకపోతే 3(సి): పోటీలో ఉన్న శీర్షికల్లో సంఖ్యా క్రమంలో చివరన వచ్చేదాన్ని తీసుకోవాలి.

చివరి నియమం చదివినప్పుడు నా గుండె జారింది. 4420, 8306 పోటీలో ఉంటే చివరన వచ్చేది 8306. చెక్క, గాజు, లోహం కలిసిన వస్తువులో ఏది ముఖ్యమో తేలకపోతే గెలుపు లోహానిదే. పట్టికలో లోహాలు చెక్క తర్వాత, గాజు తర్వాత వస్తాయి మరి. అంటే నేను సమానమని నిరూపిస్తే చాలదు. చెక్కదే పైచేయి అని నిరూపించాలి.

అసలు స్వభావాన్ని దేనితో కొలవాలి? ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణలు కొన్ని కొలమానాలు చెబుతాయి: పదార్థం రకం, పరిమాణం, బరువు, విలువ, వస్తువు వాడకంలో ఆ పదార్థం పోషించే పాత్ర. వస్తువును బట్టి ఏది ముఖ్యమో మారుతుంది. నాకు బరువు అనుకూలంగా ఉంది, ఎండీఎఫ్ బరువైనది. విలువ గురించి సరఫరాదారును అడగాలి.

సెప్టెంబరు 11 సోమవారం జవాబు పెట్టాం. కేటలాగు పేజీలు, ముందూ వెనకా ఫొటోలు, ఎండీఎఫ్ వలయం మీది చెక్కడం కనిపించేలా దగ్గరి ఫొటో, మూడో గమనిక ప్రస్తావన. రెండు రోజులు మౌనం. 14న రెండో క్వెరీ: ఒక్కో నమూనాలో ఏ పదార్థం ఎంత బరువు, ఎంత విలువ ఉందో తయారీదారు ధ్రువీకరించిన పత్రం కావాలి.

ఇక్కడే నాకు అసలు ఆందోళన మొదలైంది. సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 6 దాకా చైనాలో వరుస సెలవులు. శరత్కాల పండుగ, జాతీయ దినోత్సవం ఆ ఏడాది కలిసి వచ్చాయి. ఆ లోపు కాగితం రాకపోతే వారానికి పైగా అడగడానికి అక్కడ మనిషే ఉండరు. మనకు ఈలోగా 18న వినాయక చవితి. సరఫరాదారు దగ్గర మాతో మాట్లాడే అమ్మాయికి రోజూ సందేశాలు పంపాను. ఆమెకు ఈ ప్రశ్న వింతగా అనిపించింది. వస్తువు మొత్తానికి ధర చెబుతాం గానీ, ఆకులకు ఎంత, పలకకు ఎంత అని ఎవరూ అడగలేదని చెప్పింది. అయినా ఫ్యాక్టరీలో కనుక్కుని, 19న ముద్ర వేసిన పత్రం పంపింది. ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

పత్రంలో అంకెలు చూస్తే మొదటి రకం గురించి దిగులు లేదు. బరువులోనూ విలువలోనూ దాదాపు అంతా ఎండీఎఫే. రెండో రకంలో బరువు ఎండీఎఫ్ వైపు, విలువ ఇనుము వైపు ఉన్నాయి. ఇనుప ఆకులను ఒక్కొక్కటిగా కత్తిరించి, వంచి, అతికించి, రంగు వేయాలి కాబట్టి కూలి అంతా అక్కడే. ఖర్చులో సగానికి పైగా ఇనుముదే. బ్రోకర్‌కు ఫోన్ చేసి, "అన్నా, ఈ కాగితం మనకు ఎదురు తిరుగుతుందేమో" అన్నాను. ఆయన, "ఉన్నది ఉన్నట్టు పెడదాం అమ్మా. అంకె దాచితే రేపు సరుకు మొత్తం మీద అనుమానం వస్తుంది" అన్నారు. ఆ మాట ఈ వ్యవహారంలో నాకు దొరికిన మంచి సలహాల్లో ఒకటి. అలాగే పెట్టాం.

20న అధికారి సరుకు పరిశీలనకు ఆదేశించారు. 22న చెన్నైలో కంటైనర్ తెరిచారు. నేను ముందు రాత్రి రైలెక్కి వెళ్లాను. వెళ్లడం తప్పనిసరి కాదు, బ్రోకర్ మనిషి ఉంటే చాలు. కానీ నా సరుకును నేను చూసుకోవాలనిపించింది. సీఎఫ్ఎస్ (రేవు దగ్గర కంటైనర్లు తెరిచి సరుకు ఉంచే కేంద్రం) లోపలికి వెళ్లాలంటే గుర్తింపు కార్డుతో గేటు పాస్ ముందే తీసుకోవాలి. ఆ సంగతి తెలియక బయట ఎండలో గంటకు పైగా నిలబడ్డాను. వెళ్లేవాళ్లు ముందు రోజే బ్రోకర్‌తో రాయించుకోండి.

మొదట చూసింది వస్తువులను కాదు, కింద ఉన్న చెక్క ప్యాలెట్లను. పురుగులు లేకుండా శుద్ధి చేసినట్టు తెలిపే ఐఎస్‌పీఎం 15 ముద్ర వాటి మీద ఉందా అని. ఉంది. తర్వాత ఒక్కో నమూనా నుంచి ఒక్కో పెట్టె తీశారు. పరిశీలించిన అధికారి మర్యాదగా, ఓపికగా పని చేశారు. రెండో రకం వస్తువుకు వెనక ఉన్న మరలు విప్పించి, ఇనుప చెట్టును, ఎండీఎఫ్ వలయాన్ని వేరు చేసి తూకం వేయించారు. ఎండీఎఫ్ 1.9 కిలోలు, ఇనుము 1.4 కిలోలు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఫొటో తీశారు. ఆ క్షణంలో నాకే సందేహం కలిగింది. ఇనుప చెట్టు విడిగానూ గోడ మీద అందంగా నిలబడుతుంది. వలయం ఒక్కటే ఉంటే ఎవరూ కొనరు. దాని మీద చెక్కడం బాగున్నా, ఆకుల వెనక సగం దాగిపోతుంది.

అద్దాల విషయం మాత్రం అక్కడే తేలిపోయింది. చుట్టూ ఇనుము ఎంత ఉన్నా, వస్తువు చట్రం ఉన్న గాజు అద్దం. 7009 శీర్షికలో చట్రం ఉన్న గాజు అద్దాలు పేరుతో సహా ఉన్నాయి. 8306లో వచ్చేవి అద్దంలా మెరిసేలా చేసిన లోహపు అద్దాలు మాత్రమే. నేను ఎక్కువ గొడవ అవుతుందనుకున్నది అద్దాల దగ్గరే. శీర్షికలో వస్తువు పేరు ఉంటే అసలు స్వభావం దాకా పోవలసిన పనే లేదని అర్థమైంది.

ఖర్చుల గురించి ఒక మాట. కంటైనర్ షిప్పింగ్ లైనుది. ఉచితంగా ఇచ్చిన రోజులు దాటాక రోజుకు ఇంత అని డాలర్లలో డిటెన్షన్ వేస్తారు. సీఎఫ్ఎస్ అద్దె దానికి అదనం. మాకు ఉచిత గడువు 16తోనే ముగిసింది. పరిశీలన కోసం ఎలాగూ సరుకు దింపాలి కాబట్టి, తిరిగి కంటైనర్లో నింపకుండా షెడ్డులోనే ఉంచి, ఖాళీ కంటైనర్ అదే రోజు తిరిగి ఇచ్చేశాం. డిటెన్షన్ అక్కడితో ఆగింది, షెడ్డు అద్దె మాత్రమే నడిచింది. వివాదం ఇంకా సాగితే కస్టమ్స్ చట్టం 49వ సెక్షన్ కింద అనుమతి తీసుకుని సరుకును గిడ్డంగిలో పెట్టుకునే వీలుందని కూడా బ్రోకర్ చెప్పారు. మాకు అంతదాకా రాలేదు. చివరికి డిటెన్షన్ 15 వేలు, అద్దె 31 వేలు, దింపడం, విప్పడం, తిరిగి ప్యాక్ చేయడం 9 వేలు అయ్యాయి.

26న అధికారి అభిప్రాయం వచ్చింది. మొదటి రకం 4420, అద్దం 7009, మేం చూపినట్టే. రెండో రకం మాత్రం 8306. కారణాలు రాశారు. కొనేవారిని ఆకర్షించేది, వస్తువుకు రూపం ఇచ్చేది ఇనుప చెట్టు. విలువలోనూ దానిదే పెద్ద వాటా. వలయం దానికి ఆధారం. బరువు తేడా స్వల్పం కాబట్టి దాన్ని నిర్ణాయకంగా తీసుకోలేమన్నారు.

మా ముందు రెండు దారులు. రాతపూర్వకంగా ఒప్పుకుంటే కొత్త లెక్క ప్రకారం డ్యూటీ కట్టి సరుకు తీసుకోవచ్చు. ఒప్పుకోకపోతే కస్టమ్స్ చట్టం 17(5) సెక్షన్ ప్రకారం అధికారి పదిహేను రోజుల్లోగా కారణాలతో స్పీకింగ్ ఆర్డర్ ఇవ్వాలి. దాని మీద అరవై రోజుల్లోగా కమిషనర్ అప్పీల్స్ దగ్గరకు వెళ్లవచ్చు. ఈలోగా నిరసన తెలుపుతూ డ్యూటీ కట్టి సరుకు విడిపించుకోవచ్చు కాబట్టి, అప్పీలు చేస్తే దసరా పోతుందనే భయం అక్కర్లేదు. ఈ సంగతి తెలియక చాలామంది పండుగ తొందరలో ఒప్పేసుకుంటారు.

నేను ఒక రాత్రంతా ఆలోచించాను. చెక్కడం ఆ వస్తువు అందంలో భాగమేనన్న నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. కానీ అప్పీల్లో నేను బాగా వాదించి, రెండు పదార్థాలూ సమానమే అనిపించగలిగినా, 3(సి) మళ్లీ 8306 దగ్గరకే తీసుకెళుతుంది. గెలవాలంటే ఇనుప చెట్టు కంటే వలయమే ముఖ్యమని నమ్మించాలి. మరలు విప్పి పక్కన పెట్టిన ఆ రెండు ముక్కలను చూసినదాన్ని, ఆ మాట నేను మనస్ఫూర్తిగా అనలేను. 27న ఒప్పుకుంటూ రాసిచ్చాను. బాధ కలిగింది, కానీ కారణం తెలిసిన బాధ.

అదే రోజు సాయంత్రం అసెస్‌మెంట్ పూర్తయి బిల్ ఆఫ్ ఎంట్రీ తిరిగి వచ్చింది. డ్యూటీ మరుసటి పనిదినంలోగా కట్టాలి, లేకపోతే వడ్డీ పడుతుంది. 28 మిలాద్ ఉన్ నబీ సెలవు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి డ్యూటీ ఎలక్ట్రానిక్ నగదు ఖాతా ద్వారా కట్టే పద్ధతి వచ్చింది. ముందు చలానా తయారు చేసి బ్యాంకు నుంచి ఆ ఖాతాలోకి డబ్బు పంపి, అది అక్కడ కనిపించాక డ్యూటీ కట్టాలి. పంపిన వెంటనే కనిపించకపోతే చేతులు చల్లబడతాయి. నాకు 29 మధ్యాహ్నానికి కనిపించింది. 30న ఔట్ ఆఫ్ ఛార్జ్, అంటే సరుకు తీసుకెళ్లే అనుమతి, వచ్చింది. ఆదివారం, గాంధీ జయంతి దాటి, 3వ తేదీ ఉదయం లారీ మా వీధిలో ఆగింది.

ఇంకో దెబ్బ తర్వాత తెలిసింది. దిగుమతి చేసి చిల్లరగా అమ్మే పెట్టెల మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, ఎంఆర్‌పీ ఉండాలి. ఈ లేబుళ్లు యీవూలోనే అంటించి పంపారు. రెండో రకం 400 ముక్కలు. అదనపు 66 వేలను పంచితే ఒక్కోదాని మీద 165 రూపాయలు. కానీ ముద్రించిన ఎంఆర్‌పీ మీద స్టిక్కర్ అంటించి ధర పెంచడానికి తూనికలు కొలతల నిబంధనలు ఒప్పుకోవు, తగ్గించడానికి మాత్రమే వీలు. ఆ 165 నా లాభంలోంచే పోయింది. శీర్షిక గురించి ఏ కాస్త సందేహం ఉన్నా, ఎక్కువ డ్యూటీ లెక్కతో ఎంఆర్‌పీ వేయించుకోవడం మేలు. దసరాకు సరుకు బాగా కదిలింది, దీపావళి వారానికి రెండో రకం మొత్తం అమ్ముడైంది. బంగారం నవంబరు చివర్లో విడిపించుకున్నాను.

ఇప్పుడు ఆర్డరు ఇచ్చేటప్పుడు నేను సరఫరాదారును అడిగేవి మారాయి. ఒక్కో నమూనాలో పదార్థాల బరువు, ఖర్చు వాటా ఉన్న ముద్ర వేసిన పత్రం అడ్వాన్సుకు ముందే కావాలంటాను. వస్తువును విప్పి తీసిన ఫొటోలు అడుగుతాను. ఇన్‌వాయిస్‌లో పేరు ఒక్క పదార్థంతో కాకుండా, ఉన్న పదార్థాలన్నీ రాయిస్తాను. వాళ్లు ఎగుమతి కాగితాల్లో వేసే కోడ్‌లో మొదటి ఆరు అంకెలు దాదాపు అన్ని దేశాలకూ ఒకటే కాబట్టి, అవి ఏమిటో కూడా ముందే కనుక్కుంటాను.

2024లో తెప్పించాలనుకున్న కొత్త నమూనాలో వెదురు, జనపనార, ఇనుము మూడూ ఉన్నాయి. దీని గురించి ఊహలతో పోదలచుకోలేదు. సరుకు రాకముందే శీర్షిక తేల్చి చెప్పే కస్టమ్స్ ముందస్తు నిర్ణయాల అథారిటీకి జనవరిలో సీఏఏఆర్-1 పత్రంలో దరఖాస్తు చేశాను. రుసుము పది వేల రూపాయలు. అదే ప్రశ్న మన విషయంలో అప్పటికే అధికారి ముందు పెండింగులో ఉంటే దరఖాస్తు తీసుకోరు కాబట్టి, ఆర్డరు ఇవ్వకముందే వేశాను. మన అభిప్రాయం ప్రకారం ఏ శీర్షిక వర్తిస్తుందో, ఎందుకో మనమే రాయాలి. ఈసారి ఫొటోలు, బరువులు, ఖర్చు వాటాలు అన్నీ మొదటి రోజే జత చేశాను. అథారిటీ కస్టమ్స్ కమిషనరేట్ అభిప్రాయం కూడా తెప్పించుకుంది. మార్చిలో వీడియో ద్వారా విచారణ జరిగింది. ఇనుప చట్రం తీసేస్తే వెదురు అల్లిక నిలబడుతుందా అని అడిగారు. నిలబడుతుందని చెప్పి, విప్పిన నమూనాను కెమెరా ముందు పట్టుకుని చూపించాను. నిర్ణయం మూడు నెలల్లోగా ఇవ్వాలి, 2024 నాటి నిబంధన ప్రకారం ఇచ్చాక మూడేళ్లు చెల్లేది. అది చేతికి వచ్చేదాకా యీవూకు అడ్వాన్సు పంపకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.